సర్దుబాటు

మెడలో మిషను వేసుకుని బయల్దేరతాను.
బండి నాది, పెట్రోలు నాది,
బిల్లుకింత అని లెక్కకట్టి ఇచ్చేది కాంట్రాక్టరు.

నరసాపురం దిగువన, రేవు దారిలో
మొన్నటిదాకా ఊరు. ఇప్పుడు వార్డు.
పంచాయతీ బోర్డు మీద నీలం రంగు పూశారు గాని
వానకి తడిస్తే పాత పేరు పైకి తేలుతుంది.
డ్రైను అక్కడే ఉంది, దోమలూ పాతవే.
పన్ను ఒక్కటే పట్నందయింది.

బైపాసు పడుతుందని గజం రేటు పెరిగిందట.
అమ్మేవాళ్ళు లేరు, కొనడానికీ ఎవరూ రాలేదు,
కొల్లాటి సూరమ్మ గారి రెండు గదుల పెంకుటిల్లు
కూర్చున్నచోటే ఖరీదైపోయింది.
"ఇల్లు కోసుకుని వండుకోలేం కదండీ" అంటుంది
నోటీసు చూరులో దోపుతూ.
నేను ఇంటిపన్ను మనిషిని కానండి, కరెంటు మనిషిని అంటే
వినదు.
కాగితం తెచ్చేవాళ్ళందరూ ఆవిడకి ఒకటే చుట్టాలు.

మలుపులో ఏడుకొండలు టిఫిన్ బండి.
నాలుగిడ్లీల ప్లేటు మూడిడ్లీలయింది.
రేటు మాత్రం పెంచలేదని గొప్పగా చెబుతాడు,
గ్యాసు బండని కాలితో వంచి
అడుగున ఎంతుందో చెవిపెట్టి వింటూ.

ఈ వీధి ఆడవాళ్ళకి తిథుల కన్నా స్లాబు బాగా తెలుసు.
నెలాఖరుకి స్టూలెక్కి మీటరు చూస్తారు,
పొయ్యి మీద పాలు చూసినట్టు.
"రెండ్రోజులు ముందొచ్చెయ్యరాదా" అని
చేతిలో అరటిపండు పెడతారు.
పోయిన నెల నాకు జ్వరం.
మూడు రోజులు లేవలేదు.
నాలుగో రోజు వెళ్తే
వీధి వీధంతా స్లాబు దాటేసి కూర్చుంది.
మిషను కూస్తోంది, కాగితం వస్తోంది,
నా ఒంటి వేడి
ఇంటికింత అని అచ్చవుతోంది.

ఎవరూ తిట్టలేదు.
తిట్టుంటే బాగుండేది.

చివరి ఇల్లు దీనమ్మది. లేసు అల్లుతుంది.
పువ్వుకింత కూలి.
"మనిద్దరిదీ ముక్కల లెక్కే బాబూ" అని నవ్వుతుంది.
ఈ నెల ఆవిడ బిల్లు నా మోచేతి దాకా వచ్చింది.
కింద ఒక కొత్త వరస. సర్దుబాటు.
ఇదేంటంది.
రెండేళ్ళ కిందట మీరు కాల్చిన కరెంటుకి
అప్పుడు తక్కువ కట్టించుకున్నారటండి,
ఆ తేడా ఇప్పుడు వేశారు అన్నాను,
నాకు చెప్పినట్టే, నాకు అర్థమైనంతే.

సూది ఆపింది.
రెండేళ్ళ కిందట. ముసురు.
పట్టపగలే లైటు వేసుకుని
పన్నెండు గుండ్రటి బల్లగుడ్డలు,
అంచు చుట్టూ ద్రాక్ష గుత్తులు.
వేళ్ళ మీద లెక్కపెట్టింది, తప్పకుండా పన్నెండే.
అవి ఎప్పుడో ఓడెక్కాయి.
ఏ దేశంలోనో ఎవరి పళ్ళేల కిందో పరుచుకుని ఉంటాయి.
వాటిని అల్లిన వెలుగు ఖరీదు
ఇవాళ తేలింది.

"మరి అప్పటి కూలికి కూడా
సర్దుబాటు వేస్తారా బాబూ?"

ఎకసెక్కెం కాదు. నిజంగానే అడిగింది.
నా మిషన్ని అటూ ఇటూ తిప్పి చూశాను.
అలాంటి మీట లేదు.

"ఆయ్, పోన్లెండి" అని కాగితం మడిచి
బైబిల్లో పెట్టుకుంది.
ఈ అచ్చు వేడికి వెలిసిపోతుంది,
రెండు నెలలకి తెల్ల కాగితం మిగులుతుంది.
బాకీ వెలవదు.
జ్వరం పూర్తిగా తగ్గిందా అని అడిగింది.
తగ్గిందన్నాను.

సాయంత్రం అదే దారిన తిరిగొస్తున్నాను.
గదిలో లైటు వెయ్యలేదు.
పొద్దు ఎటు జరిగితే అటు చాప జరుపుకుంటూ
గుమ్మం దాటి, అరుగు దిగి
వీధి సగం దాకా వచ్చేసింది దీనమ్మ.
తల ఎత్తలేదు. గుత్తి మధ్యలో ఉంది.

బండి దిగి
చాప అంచు తొక్కకుండా
నడిపించుకుని వెళ్ళాను.